విజయవాడలో పిల్లల టీకాలు: వార్డు సెషన్‌కి వెళ్ళాలా, ప్రైవేటు క్లినిక్‌కి వెళ్ళాలా?

బెజవాడలో బిడ్డకు టీకాలు వేయించడానికి మూడు దారులున్నాయి. బుధ, శనివారాల్లో అంగన్‌వాడీలోనో, వార్డు సచివాలయం దగ్గరో, పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో జరిగే ఉచిత సెషన్ మొదటిది. పాత ప్రభుత్వాసుపత్రి లాంటి పెద్దాసుపత్రి రెండోది. సూర్యారావుపేట, గవర్నరుపేట, పటమట వైపు వరసగా కనిపించే పిల్లల డాక్టర్ల క్లినిక్కులు మూడోవి. చాలామంది తల్లిదండ్రులు డబ్బును బట్టి నిర్ణయం తీసుకుంటారు. ఉన్నవాళ్ళు క్లినిక్‌కి, లేనివాళ్ళు అంగన్‌వాడీకి. ఆ లెక్క తప్పు. టీకా మంచిచెడ్డలు గదిలో ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలవు. సీసా ఎంత చల్లగా ఉంది, ఎప్పుడు తెరిచారు, ఎక్కడ పొడిచారు, ఏం రాశారు అన్నవాటిని బట్టి తేలతాయి. ఆ నాలుగూ చూడడం వస్తే ఎక్కడికైనా ధైర్యంగా వెళ్ళొచ్చు.

మా తీర్పు ముందే చెబుతున్నాం. పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర వరకూ ఉండే ప్రధాన టీకాలకు వార్డు సెషన్ చాలు. జాతీయ పట్టికలో లేని టీకాలు కొన్ని ప్రైవేటులో వేయించుకోవడం మంచిది, అవేంటో కింద చెబుతాం. ఉచిత సేవలో ప్రధాన లోపం మందులో లేదు, మాటలో ఉంది. ఏం వేశారు, ఏం జరగొచ్చు, మళ్ళీ ఎప్పుడు రావాలి అనేది రద్దీలో సరిగ్గా చెప్పరు. ప్రైవేటులో మాట బాగానే ఉంటుంది, కానీ కొన్ని చోట్ల ఫ్రిజ్ గురించి ఎవరూ అడగరు.

పుట్టిన 24 గంటలు

ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యే ముందు టీకా కార్డులో మూడు గడులు నిండాలి: బీసీజీ (క్షయకు), జీరో డోసు పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. వీటిలో తొందరపడాల్సింది హెపటైటిస్ బి. పుట్టిన 24 గంటల్లోపు పడాలి. తల్లికి ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలోనే బిడ్డకు సోకొచ్చు, ఆరు వారాలకు వేసే పెంటావాలెంట్‌లో (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) హెపటైటిస్ బి ఉన్నా అప్పటికి ఆలస్యమైపోతుంది. తల్లికి పాజిటివ్ అని తెలిస్తే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) ఇంజెక్షన్ కూడా కావాలి. దాన్ని కాన్పుకు ముందే తెప్పించి ఉంచమని అడగాలి.

చిన్న నర్సింగ్ హోముల్లో ఆదివారం, పండగ రోజు కాన్పయితే ఇక్కడే జారిపోతుంది. బీసీజీ సీసాలో 10 డోసులుంటాయి. ఒక్క బిడ్డకోసం తెరవడం ఇష్టం లేక "వచ్చే వారం రండి" అంటారు. బీసీజీ ఏడాది లోపు ఎప్పుడైనా వేయొచ్చు కాబట్టి ఆ మాటతో పెద్ద నష్టం లేదు. హెపటైటిస్ బి విషయంలో మాత్రం ఆ మాట ఒప్పుకోవద్దు.

బీసీజీ ఎడమ భుజం మీద, చర్మం పొరలోకి వేస్తారు. నెలలోపు బిడ్డకు 0.05 మి.లీ., ఆ తర్వాత 0.1 మి.లీ. సూది సరిగ్గా పడితే అక్కడ చిన్న తెల్లటి బుడగ లేస్తుంది, చర్మం బత్తాయి తొక్కలా గరుకుగా కనిపిస్తుంది. రెండు మూడు వారాల తర్వాత బొబ్బ వస్తుంది, పండుతుంది, చీము కారుతుంది, 6 నుంచి 12 వారాల మధ్య మచ్చ మిగులుతుంది. ఈ చీము చూసి అమ్మమ్మలు పసుపు, కొబ్బరినూనె, ఆయింట్‌మెంటు పూస్తారు. ఏదీ అక్కర్లేదు. పిండకుండా, కట్టు కట్టకుండా వదిలేస్తే అదే మానిపోతుంది. మచ్చ పడకపోయినా మళ్ళీ వేయించాల్సిన పని లేదు.

వార్డు సెషన్‌లో ఏం చూడాలి

టీకాలు వేసే నర్సు, అంటే ఏఎన్‌ఎం దగ్గర నీలం రంగో, మరో రంగో గట్టి ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంటుంది. అదే వ్యాక్సిన్ క్యారియర్. లోపల నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో జిప్ కవర్లో సీసాలు. ఈ ఐస్ ప్యాకులు ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించేదాకా ఆగాలి. లేకపోతే సీసా గడ్డ కడుతుంది. మన ఊళ్ళో అందరూ ఎండకే భయపడతారు. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊరికి ఆ భయం న్యాయమే. కానీ పెంటావాలెంట్, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలది), హెపటైటిస్ బి, పీసీవీ (న్యుమోనియాది), టీడీ (ధనుర్వాతం, కంఠసర్పిలది) టీకాలకు వేడి కన్నా గడ్డకట్టడమే ప్రమాదం. వాటిలో ఉండే అల్యూమినియం లవణం గడ్డకట్టి కరిగాక ముద్దలుగా విడిపోతుంది, ఆ మందు మళ్ళీ పనికి రాదు. అందుకే అన్ని టీకాలూ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలంటారు.

వేడి సంగతి సీసాయే చెబుతుంది. మూత మీదో, చీటీ మీదో ఊదా రంగు వలయం, దాని మధ్యలో చిన్న చదరం ఉంటాయి. వీవీఎం అంటారు. లోపలి చదరం బయటి వలయం కన్నా తెల్లగా ఉంటే మందు మంచిది. రెండూ ఒకే రంగుకు వచ్చినా, చదరం ముదిరిపోయినా ఆ సీసా వాడకూడదు. "మేడమ్, సీసా ఒకసారి చూపిస్తారా" అని అడగండి. కోప్పడే విషయం కాదిది. బాగా పని చేసే ఏఎన్‌ఎంలు అడక్కుండానే చూపిస్తారు. ఈ ఒక్క గుర్తు దగ్గర ప్రభుత్వ సరఫరాది పైచేయి, ఎందుకంటే ప్రైవేటు మార్కెట్లో దొరికే సీసాల్లో కొన్నిటి మీద ఇది ఉండదు. అయితే ఇది వేడిని మాత్రమే పట్టిస్తుంది, గడ్డకట్టిందీ లేనిదీ చెప్పదు.

రెండో ప్రశ్న: "ఎప్పుడు తెరిచారు?" పెంటావాలెంట్, పీసీవీ, ఐపీవీ (సూదితో ఇచ్చే పోలియో టీకా), డీపీటీ లాంటి ద్రవం సీసాలు తెరిచాక కూడా చల్లగా ఉంచితే 28 రోజుల దాకా వాడొచ్చు, సీసా మీద తేదీ రాసి ఉండాలి. పొడి రూపంలో వచ్చి నీళ్ళు కలిపే బీసీజీ, ఎంఆర్ (తట్టు, రుబెల్లాల టీకా) అలా కాదు. కలిపిన 4 గంటల్లో పారేయాలి. వాటిలో క్రిములను ఆపే మందు ఉండదు, ఆలస్యమైతే సీసాలో బాక్టీరియా పెరిగి బిడ్డకు విషం అయ్యే ప్రమాదం ఉంది. అందుకే కలిపిన సమయం సీసా మీద గంటా నిమిషాలతో రాయాలి. ఉదయం 9 గంటలకు కలిపిన ఎంఆర్ మధ్యాహ్నం రెండింటికి ఇస్తామంటే వద్దనండి.

సిరంజి మీ కళ్ళముందే కవరు చించి తీయాలి. ప్రభుత్వ సెషన్లలో వాడేవి ఒక్కసారి నొక్కితే లాక్ అయిపోయే ఏడీ సిరంజిలు, మళ్ళీ వాడదామన్నా కుదరదు. వాడిన సూదిని వెంటనే హబ్ కట్టర్‌తో కత్తిరిస్తారు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆ 'టక్' శబ్దం వింటే ఒక అనుమానం తీరినట్టే.

వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. చాలామంది ఆటో ఆగి ఉందని వెళ్ళిపోతారు. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, వస్తే మొదటి నిమిషాల్లోనే వస్తుంది, దానికి ఇచ్చే అడ్రినలిన్ ఏఎన్‌ఎం కిట్‌లోనే ఉంటుంది. ఆ అరగంట అందుకు.

ఆరు, పది, పద్నాలుగు వారాలు

ఎక్కువ మంది బెదిరేది ఆరో వారం దగ్గరే. ఒక్క రోజే మూడు సూదులు, రెండు రకాల చుక్కలు. పెంటావాలెంట్ ఎడమ తొడకు, పీసీవీ కుడి తొడకు, ఐపీవీ కుడి భుజం చర్మంలోకి, పైన పోలియో చుక్కలు, రోటావైరస్ మందు. ఇన్ని ఒకేసారి తట్టుకుంటుందా అని నాయనమ్మలు అడుగుతారు. తట్టుకుంటుంది. రోజూ తల్లి చర్మం నుంచి, గాలి నుంచి బిడ్డకు తగిలే క్రిముల సంఖ్య ముందు ఈ టీకాల్లో ఉండేది చాలా తక్కువ. విడదీసి వారానికొకటి వేయించడం వల్ల బిడ్డ ఏడుపు తగ్గదు, ఆసుపత్రి తిరుగుళ్ళు పెరుగుతాయి, మధ్యలో ఏదో ఒకటి జారిపోతుంది. పదో వారంలో పెంటావాలెంట్ ఒక్కటే సూది, మిగతావి చుక్కలు. పద్నాలుగో వారంలో మళ్ళీ మూడు సూదులు.

పెంటావాలెంట్ ఆపేది ఐదు జబ్బులు: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ బాక్టీరియా తెచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపు. పీసీవీ కూడా న్యుమోనియాకే, వేరే బాక్టీరియాది. ప్రైవేటులో పీసీవీ మూడు డోసులూ, ఒక బూస్టరూ వేస్తారు, ప్రభుత్వంలో రెండు డోసులూ (6, 14 వారాలు), తొమ్మిదో నెల బూస్టరూ. "మనకు ఒకటి తగ్గించారు" అనుకోవద్దు, రెండు పద్ధతులూ పనిచేసేవే. ఐపీవీ 0.1 మి.లీ. మాత్రమే ఇస్తారని, పూర్తి డోసులో ఐదో వంతేనని ఇంకో అనుమానం. కండలోకి కాకుండా చర్మంలోకి ఇస్తే తక్కువ మందుకే రక్షణ కణాలు బాగా స్పందిస్తాయి. 2023 నుంచి తొమ్మిదో నెలలో మూడో డోసు కూడా కలిపారు, అది ఎడమ భుజానికి. ఆ ఏడాదికి ముందు అచ్చయిన పాత కార్డుల్లో దీనికి గడి కనిపించకపోవచ్చు, అడిగి రాయించుకోండి.

రోటావైరస్ టీకా దేశంలో ముందుగా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి, 2016లో. వాంతులు విరేచనాలతో పిల్లల వార్డులు ఎలా నిండుతాయో తెలిసినవాళ్ళకు దీని విలువ చెప్పక్కర్లేదు.

పోలియో చుక్కలు వేశాక పాలు ఇవ్వకూడదనే మాట ఇంకా తిరుగుతోంది. తల్లిపాలు ముందూ ఇవ్వొచ్చు, వెనకా ఇవ్వొచ్చు. చుక్కలు ఉమ్మేస్తే వెంటనే మళ్ళీ రెండు చుక్కలు వేయించుకోండి.

ఆ రాత్రి జ్వరం

ఉచిత పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు భాగం పూర్తి కణంతో చేసినది. అందుకే సాయంత్రానికి జ్వరం, తొడ మీద ఎరుపు, గట్టి గడ్డ, చిరాకు మామూలు. ఒకట్రెండు రోజుల్లో పోతాయి. గడ్డ కొన్ని వారాలు ఉండి కరిగిపోవచ్చు. చల్లటి తడి గుడ్డ వేస్తే చాలు. రుద్దడం, వేడి కాపడం, నూనె మర్దన వద్దు.

పారాసిటమాల్ దగ్గర జరిగే పొరపాటు చాలా ప్రమాదకరమైనది. షాపులో మూడు రకాలు దొరుకుతాయి. చుక్కల మందులో 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండేది ఒకటి, 250 మి.గ్రా. ఉండేది ఇంకొకటి. డోసు కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. అంటే 5 కిలోల బిడ్డకు 50 నుంచి 75. చుక్కల మందైతే 0.5 నుంచి 0.75 మి.లీ., 125 సిరప్ అయితే 2 నుంచి 3 మి.లీ. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడుతుంది, లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏఎన్‌ఎం "రెండు మి.లీ. పోయండి" అంటే ఏ సీసాదో చూపించమనండి. ఆరు గంటలకోసారి, రోజులో నాలుగు సార్లు మించకూడదు. టీకాకు ముందే పోసి తీసుకెళ్ళడం కూడా తప్పు, అలా చేస్తే కొన్ని టీకాలకు ఒంటి స్పందన కాస్త తగ్గుతుంది. జ్వరం వచ్చాక పోస్తే చాలు.

మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ వేలాడిపోయినా, పాలు పూర్తిగా మానేసినా, జ్వరం రెండు రోజులు దాటినా ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, ఏఎన్‌ఎంకీ చెప్పండి. ఆమె దాన్ని నమోదు చేయాలి.

ఎంఆర్ జ్వరం వేరు. అది వేసిన రోజు రాదు. వారం, పది రోజుల తర్వాత లేత దద్దుర్లతో వస్తుంది. అప్పటికి టీకా సంగతి మర్చిపోయి తట్టు పోసిందనో, అమ్మవారనో అనుకుంటారు. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, పక్కవాళ్ళకు అంటదు.

ఉచిత సేవ ఎక్కడ జారుతుంది

మొదటిది, తొమ్మిదో నెల ఎంఆర్. సీసాలో ఎక్కువ డోసులుంటాయి, నాలుగు గంటల్లో పారేయాలి, కాబట్టి పిల్లలు తక్కువ వచ్చిన రోజు కొందరు సీసా తెరవకుండా వెనక్కి పంపుతారు. రూలు మాత్రం ఒక్క బిడ్డ వచ్చినా తెరవమనే చెబుతుంది. మిగిలిన డోసులు వృథా అయినా పరవాలేదు, బిడ్డ వృథాగా తిరగకూడదన్నదే ఆ రూలు ఉద్దేశం. మర్యాదగా ఆ మాట గుర్తుచేయండి. అయినా కుదరకపోతే పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి, అక్కడ పిల్లలు ఎక్కువ వస్తారు.

రెండోది ఎవరూ పట్టించుకోనిది: పుట్టింటి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి. ఈ మారే సమయానికీ, పద్నాలుగో వారానికీ లంకె. తెనాలి ఆశా కార్యకర్త జాబితాలో ఉన్న బిడ్డ అజిత్‌సింగ్‌నగర్ జాబితాలోకి రాదు. అక్కడివాళ్ళు వెళ్ళిపోయారనుకుంటారు, ఇక్కడివాళ్ళకు ఇలాంటి బిడ్డ ఉందనే తెలియదు. మూడో పెంటా, మూడో రోటా, రెండో పీసీవీ, రెండో ఐపీవీ అన్నీ అక్కడే ఆగిపోతాయి. ప్రయాణానికి మంచి రోజు చూసేటప్పుడే టీకా తేదీ కూడా చూడండి. బిడ్డకు 14 వారాలు నిండాక బయల్దేరడం తేలిక. కుదరకపోతే చేరిన వారంలోనే కొత్త వార్డు ఆశాకి కార్డు చూపించి పేరు రాయించుకోండి. ఏ ఊరి కార్డయినా ఏ సెషన్‌లోనైనా చెల్లుతుంది, ఆధార్ అడ్రసు వేరే అని వెనక్కి పంపే రూలు లేదు.

ఆలస్యమైతే మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు, పెంటా, రోటా డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉంటే చాలు, పీసీవీ, ఐపీవీలకు 8 వారాలు ఉండాలి. పెంటా, రోటా, పీసీవీల మొదటి డోసు మాత్రం ఏడాది నిండేలోపు పడి ఉండాలి. ఏడాది దాటాక పెంటా మొదలుపెట్టరు, డీపీటీ ఇస్తారు.

జలుబు ఉందని, కొద్దిగా విరేచనాలని, ఒళ్ళు వెచ్చగా ఉందని వెనక్కి పంపడం మూడోది. ఇవేవీ టీకా ఆపే కారణాలు కావు. బరువు తక్కువ, నెలలు నిండకుండా పుట్టడం కూడా కావు, పుట్టిన తేదీ నుంచే లెక్క. పెద్ద జ్వరం ఉన్నా, ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు ఉన్నా, ఇదే టీకాకు గతంలో తీవ్రమైన అలర్జీ వచ్చినా అప్పుడు ఆగాలి.

ప్రైవేటులో డబ్బు దేనికి

క్లినిక్కుల్లో వేసే హెక్సావాలెంట్‌లో పెంటాలోని ఐదుతో పాటు ఐపీవీ కూడా కలిసి ఉంటుంది. అంటే ఒక సూది తగ్గుతుంది. 'పెయిన్‌లెస్' అని చెప్పేది కోరింత దగ్గు భాగాన్ని ముక్కలుగా శుద్ధి చేసి చేసిన రకం. సూది నొప్పి అంతే ఉంటుంది, తర్వాత వచ్చే జ్వరం, వాపు తక్కువ. దానికి ఒక్కో డోసుకు వేలల్లో ఖర్చు. ఒక సంగతి క్లినిక్‌లో తక్కువగా చెబుతారు: కోరింత దగ్గు మీద పూర్తి కణం టీకా ఇచ్చే రక్షణే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒక రాత్రి జ్వరం తగ్గించుకోవడానికే అయితే ఆ డబ్బును జాతీయ పట్టికలో లేని టీకాలకు దాచుకోండి. గతంలో ఫిట్స్ వచ్చిన బిడ్డ లాంటి ప్రత్యేక సందర్భాల్లో డాక్టరు చెబితే అది వేరే మాట.

డబ్బు పెట్టదగినవి ఇవి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, ఆరు నెలలు దాటాక ఒక డోసు. వానాకాలం కుళాయి నీళ్ళు రంగు మారే పేటల్లో ఉండేవాళ్ళు దీన్ని వాయిదా వేయొద్దు. హైదరాబాద్‌లోనే తయారవుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందినది. ఏడాది దాటాక హెపటైటిస్ ఎ, పదిహేనో నెలలో ఆటలమ్మకు చికెన్‌పాక్స్ టీకా, గవదబిళ్ళలు కూడా కలిసి ఉండే ఎంఎంఆర్. ఆరు నెలల తర్వాత ఫ్లూ టీకా మొదటి ఏడాది నెల తేడాతో రెండు డోసులు, ఆపైన ఏటా ఒకటి, వానలు మొదలయ్యే ముందు. బడ్జెట్ తక్కువైతే ముందు టైఫాయిడ్, తర్వాత ఎంఎంఆర్, ఆటలమ్మది. ఫ్లూ చివర్న.

రెండు చోట్లా కలిపి వేయించడంలో తప్పేమీ లేదు. జాగ్రత్త ఒక్కటే, ఎంఆర్, ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి సజీవ టీకాలు ఒకే రోజు వేయాలి, లేదా 4 వారాల ఎడం ఉండాలి. క్లినిక్ సొంత ఫైలు ఇస్తే అందులోనివి ప్రభుత్వ కార్డులో కూడా ఎక్కించండి. టీకా పేరుతో పాటు బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ అంటించమని అడగండి. హెక్సావాలెంట్ వేయించినా పోలియో చుక్కలు మానొద్దు, పల్స్ పోలియో ఆదివారం కూడా.

క్లినిక్ ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఫ్రిజ్ గురించి. టీకాలకు విడిగా ఉందా? లోపల థర్మామీటరు ఉందా? రోజుకు రెండుసార్లు రాసే పుస్తకం ఉందా? మే నెలలో మూడు నాలుగు గంటలు కరెంటు పోతే ఏం చేస్తారు? సీసాలు ఫ్రిజ్ తలుపు అరల్లోనో, పెరుగు గిన్నె పక్కనో, ఫ్రీజర్ అడుగు గోడకు ఆనించో ఉంటే డాక్టరు ఎంత పేరున్నవారైనా ఆ చోటు వద్దు. బిల్లులో టీకా ఎంఆర్‌పీ, డాక్టరు ఫీజు, ఇంజెక్షన్ చార్జీ విడివిడిగా రాయించుకోండి. పెట్టె మీది ధరతో పోల్చి చూడొచ్చు.

"బయట షాపులో తెచ్చుకోండి, తగ్గుతుంది" అనే మాట వింటే ఆలోచించండి. మధ్యాహ్నం బీసెంట్ రోడ్డు ట్రాఫిక్‌లో పాలిథిన్ కవర్లో, నేరుగా ఐసు ముక్కల మీద పెట్టిన సీసా ఒక వైపు గడ్డకట్టి, ఇంకో వైపు కాగిపోతుంది. తప్పదంటే ఫ్లాస్కో, థర్మోకోల్ డబ్బానో తీసుకెళ్ళండి, ఐస్ ప్యాకుకు, సీసాకు మధ్య మందపాటి కాగితం చుట్టండి, ఇంటికి రాకుండా తిన్నగా క్లినిక్‌కే వెళ్ళండి. ఇంటి ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టిన టీకాను బాధ్యత ఉన్న డాక్టరు వేయరు.

టీకాలతో ఆటిజం వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసం. దాన్ని 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది, రాసిన డాక్టరు లైసెన్సు పోయింది. ఆ తర్వాత లక్షల మంది పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. ఈ భయంతో ఎంఆర్ ఆపిన ఇళ్ళు ఉన్నాయి. తట్టు గాలిలో పాకుతుంది, ఒక గదిలో ఉన్న టీకా లేని పిల్లల్లో దాదాపు అందరికీ అంటుకుంటుంది. న్యుమోనియా, మెదడు వాపు దాని వెనకే రావొచ్చు.

కార్డు పోతే, ఐదేళ్ళ గడి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. బీరువా అడుగున దాచిన కాగితాల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. ఇప్పుడు యూ-విన్‌లో (ప్రభుత్వ టీకా రికార్డుల యాప్) మొబైల్ నంబరుతో నమోదు ఉంటే సర్టిఫికెట్ ఫోన్‌లోకే దింపుకోవచ్చు. ప్రతిసారీ ఏఎన్‌ఎం ఆ రోజు టీకాలు యాప్‌లో ఎక్కించిందో లేదో అక్కడే చూసుకోండి. నంబరు తండ్రిదో, అమ్మమ్మదో ఇచ్చి తర్వాత సిమ్ మార్చేస్తే రికార్డు దొరకదు, కాబట్టి మారని నంబరే ఇవ్వండి. కార్డు రెండు వైపులా ఫోటో తీసి ఉంచుకోవడం ఇంకా తేలిక. ఏ రికార్డూ లేకపోతే, గుర్తున్నంత చెప్పి డాక్టరుతో మళ్ళీ లెక్క వేయించుకోండి. ఒక డోసు ఎక్కువ పడినా హాని లేదు, లోటు పడితేనే ఇబ్బంది.

16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టర్, రెండో ఎంఆర్, పోలియో బూస్టర్ పడతాయి. అక్కడితో టీకాలు అయిపోయాయని కార్డు లోపల పెట్టేస్తారు. 5 నుంచి 6 ఏళ్ళ మధ్య రెండో డీపీటీ బూస్టర్ అలా మిగిలిపోతుంది. మన దేశంలో ఇప్పుడు కంఠసర్పి ఎక్కువగా ఐదేళ్ళు దాటిన, బూస్టర్లు తప్పిన పిల్లల్లోనే కనిపిస్తోంది. బిడ్డను ఒకటో తరగతిలో చేర్పించే వేసవిలోనే, జూన్‌లో బడి తెరిచే ముందు, ఎడమ భుజానికి ఆ సూది వేయించండి. ఏడేళ్ళు దాటితే డీపీటీ వేయరు, టీడీ ఇస్తారు. పదో ఏట, పదహారో ఏట పడే టీడీ చాలాసార్లు బడిలోనే వేస్తారు. ఆ రోజు సెలవు పెట్టిన పిల్లలకు తర్వాతి బుధవారమో, శనివారమో వార్డు సెషన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది.